పసిపిల్లలతో స్వగ్రామ ప్రయాణము



ఈ వార్షిక మహాసభయందు విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు మాకంటె పెద్దలు ప్రసంగించియున్నారు. మాకు నిర్ణయింపబడిన విషయము వానితో పోల్చిన చిన్నదిగా గనుపట్టును. పండుగకో, ఇలవేల్పు కొలుపునకో, బొడ్రాయి ప్రతిష్ఠకో వంశమంతయు నొకచోట గూడునప్పుడు, పాలు మానని బిడ్డలను, బడియీడు రాని పిల్లలను వెంటబెట్టుకొని స్వగ్రామమునకు వచ్చుట యెట్లు? ఇదియే మేము చెప్పబూనిన విషయము. కార్యక్రమపత్రికయందు దీనిని చూచి కొందరు చిఱునవ్వు నవ్విరి. ఇది స్త్రీలు తమలో తాము మాటలాడుకొనవలసిన సంగతి యని వారి భావము కాబోలు. అట్లు దానిని స్త్రీలకే విడిచిపెట్టుట చేతనే యిది యిప్పుడు సభకెక్కవలసిన స్థితికి వచ్చినదని మా మనవి.

కొన్ని సంవత్సరములుగా మన కుటుంబముల కలయికలకు పోవుచు మేము గమనించిన దొకటి కలదు. ముసలివారు వత్తురు. నడివయసువారు వత్తురు. యువకులు మోటారుసైకిళ్ళపై వచ్చి, పంక్తిని భుజించి, ఛాయాపటములు తీసికొని ప్రొద్దు గ్రుంకకమునుపే మరలిపోవుదురు. ఐదేండ్లలోపు పిల్లలు మాత్రము వ్రేళ్ళపై లెక్కింపదగినంతమందియే కానవత్తురు. వారితోపాటు వారి తల్లులును రారు. ఏల రాలేదని యడిగినచో భర్తగారు సమాధానము చెప్పుదురు: "దారి మంచిది కాదు, ఎండలు, దోమలు, పిల్లవాడు ఇంటి అన్నము తప్ప ముట్టడు, కొంచెము పెద్దవాడు కానిండు, తీసికొనివత్తుము." ఈ కారణములలో అబద్ధమైన దొక్కటియు లేదు. కాని ఆ కడపటి మాటయే మమ్ము కలవరపెట్టుచున్నది. పిల్లవాడు పెద్దవాడగును. అప్పుడు పరీక్షలు వచ్చును. పరీక్షలు ముగిసిన పిదప వానికే రావలెనని తోచదు, ఏలయనగా వాని కాయూరిలో నెఱిగినవారెవరును లేరు. మఱియు మన ప్రాంతమున పిల్లవాడు పెద్దవాడగువఱకు ఊరు వేచియుండునను నమ్మకము కూడ లేదు.

ఈ మాట కొంచెము విప్పి చెప్పవలసియున్నది. ఖమ్మము, పాల్వంచ, బూర్గుంపాడు, భద్రాచలము, కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరము, వరరామచంద్రాపురము, చింతూరు – ఈ పేర్లు మన యిండ్లలో వియ్యాలవారి పేర్లవలె వినబడుచుండును. సరిహద్దులు గీచినవారు మాత్రము మన పెండ్లిండ్లను విచారించి గీయలేదు. గోదావరి యెడమగట్టున నున్న భద్రాచలము 1874 నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు చెందియుండగా, ఆవలిగట్టున పాల్వంచ, బూర్గుంపాడు నైజాము రాజ్యమున నుండెను. 1953లో ఖమ్మము జిల్లా యేర్పడెను. 1959లో భద్రాచలము తాలూకా తూర్పుగోదావరి నుండి తీసి ఖమ్మమున కలుపబడెను. 2014లో రాష్ట్రము విడిపోగా భద్రాచల పట్టణము తెలంగాణమున నిలిచి, దాని చుట్టునున్న గ్రామములును, కూనవరము మొదలగు మండలములును ఆంధ్రప్రదేశమునకు పోయెను. 2022లో కూనవరము, చింతూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోను చేర్చబడెను. కూనవరమున తన యింటి యరుగు దిగని యవ్వ యొకతె యున్నచో, ఆమె జీవితకాలముననే తూర్పుగోదావరి, ఖమ్మము, మరల తూర్పుగోదావరి, అటుపిమ్మట అల్లూరి జిల్లా అని చిరునామా మార్చి వ్రాసికొనవలసివచ్చినది. ఆమె చెల్లెలు పాల్వంచలో నుండును. నడుమ వంతెన 1965లో వచ్చినది. అంతకుముందు చంకలో బిడ్డతో పడవ యెక్కి నది దాటి పుట్టినింటికి పోయిన తల్లులు మన కులమున నెందఱో కలరు. దారి మంచిది కాదనువారు ఆ సంగతి నొక్కమారు తలచుకొందురుగాక.

సరిహద్దులు మారినను ఊళ్ళు ఉన్నచోటనే యుండెను. ఇప్పుడు ఊళ్ళే కదలుచున్నవి. పోలవరము ప్రాజెక్టు జలాశయము పూర్ణమట్టము 150 అడుగులు, అనగా 45.72 మీటర్లు. మొదటి దశయం దది 41.15 మీటర్లని నిర్ణయించిరి. మొత్తముమీద సుమారు లక్ష కుటుంబములు తమ యిల్లు విడువవలసినవారి లెక్కలోనికి వచ్చినవి. కొన్ని గ్రామములవా రిదివఱకే జంగారెడ్డిగూడెపు ప్రాంతమునందలి పునరావాస కాలనీలకు చేరిరి. కొన్ని గ్రామములవారు పరిహారము కొఱకు చూచుచు పాతయింటనే యుండిరి. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగుల కెక్కినప్పుడు, 1986 నాటి 75.6 అడుగుల వఱదను చూచిన వృద్ధులు సైతము మూటలు కట్టుకొని గుట్టలెక్కిరి. వారిలో మన బంధువులును కలరు. ప్రాజెక్టు మంచిచెడ్డలను విచారించుటకు మేమిక్కడ నిలువలేదు. మేము చెప్పునది యింతే: తాతగారు నాటిన చింతచెట్టు, మనవడు పదవ తరగతి ముగించి వచ్చుసరికి నీటిపైన నుండునో, నీటిక్రింద నుండునో యెవరును హామీ యీయజాలరు. వాడు మూడేండ్లవాడైనను ఆ చెట్టు మొదట నొక్కమారు కూర్చుండిన, ఆ సంగతి వానికి జ్ఞాపకముండకపోవచ్చును. వానిని ఒడిలో నుంచుకొని కూర్చుండిన ముత్తవ్వకు జ్ఞాపకముండును. ఛాయాపటము చూపి పదేండ్ల పిమ్మట వానికి చెప్పుటకు వీలగును.

మన ప్రాంతమున నింతకు పూర్వమే పిల్లలను లెక్కలోనికి తీసికొనిన సమావేశములు రెండు కలవు. ఒకటి బొడ్రాయి పండుగ. ఊరి నడిబొడ్డున రాతిని ప్రతిష్ఠించునప్పుడును, దాని వార్షికోత్సవములందును, ఆ యూరి యాడపడుచులందఱిని పేరుపేరునా పిలుచుట ఖమ్మము పల్లెలలో నాచారము. ఏ యూరికి కోడలుగా పోయినను వారు బిడ్డలతో వచ్చి, ఒడిబియ్యము పోయించుకొని పోవుదురు. ఇందు మగబిడ్డల వంశమే గాక కూతుండ్ల సంతతియు లెక్కకు వచ్చుట మా దృష్టిలో మిక్కిలి గొప్ప సంగతి. మన కులసమావేశముల పిలుపుపత్రములు పురుషుల పేర్లతోనే యచ్చగుచున్నవని యీ సందర్భమున మనవిచేయక తప్పదు. ఒక హెచ్చరిక మాత్రము: పెక్కుగ్రామములందు ప్రతిష్ఠ సమయమున పొలిమేర కట్టుదురు. ఆ గడియలలో లోపలివారు బయటకును బయటివారు లోపలికిని పోరాదు. కావున బిడ్డలు గలవారు ముందునాటి సాయంకాలమునకే ఊరు చేరవలెను. పొలిమేర యావల బస్సులో ఏడ్చుచున్న శిశువుతో నిలిచిపోవుట యెవరికిని మంచిది కాదు.

రెండవది అడవిలోని మన పొరుగువారగు కోయలది. రెండేండ్ల కొకమారు మాఘమాసమున జరుగు మేడారము జాతరను మనలో చాలమంది మ్రొక్కు తీర్చుకొనుటకే పోయి వత్తురు. కాని అది నిజముగా నేమి? అదియొక కుటుంబపు కలయిక. తల్లి సమ్మక్క చిలకలగుట్ట నుండి వచ్చును. కూతురు సారలమ్మ కన్నెపల్లి నుండి, భర్త పగిడిద్దరాజు పూనుగొండ్ల నుండి, అల్లుడు గోవిందరాజు కొండాయి నుండి వత్తురు. వేఱువేఱు వంశముల పూజారులు వేఱువేఱు దారుల వారిని తోడ్కొనివచ్చి గద్దెలపై నొకచోట జేర్తురు, కొన్ని దినము లుంచుదురు, మరల ఎవరి స్థానమునకు వారిని సాగనంపుదురు. దేవతలే బంధువులను జూడ నడచివచ్చుచున్నప్పుడు మనుష్యుల సంగతి చెప్పవలెనా? ఆ జాతరయందు పసిబిడ్డను త్రాసునకెత్తి నిలువెత్తు బెల్లము నిచ్చుటను మీరందఱు చూచియే యుందురు. ఇక కోయల ఇలవేల్పు కొలుపులయందు, గుడ్డపై వంశచరిత్ర చిత్రించిన పడిగెను పట్టి డోలీలు కథ చెప్పుచుండగా, చిన్నపిల్లలు నిద్రపోవుచు మేల్కొనుచు ఆ కథ వినుచుందురు. ఎవరు ఏ గట్టువారో, ఎవరితో పెండ్లిసంబంధము తగునో తగదో వారికి వేఱుగా బోధింప నక్కఱలేదు. చదువుకొన్నవారమనుకొను మనము మన పిల్లలకు ముత్తాత పేరు చెప్పుటకు కాగితము వెదుకుచున్నాము.

పిల్లవాని కీ ప్రయాణమువలన కలుగు లాభమును మేము గంభీరముగా చెప్పదలచుకొనలేదు, ఒక చిన్న విషయమే చాలును. మన భాషలో పెదనాయన, చిన్నాయన, మేనమామ, మామ, బావ, బామ్మర్ది అని వేఱువేఱు మాటలుండగా, నగరమున పెరిగిన బిడ్డకు వీరందఱు 'అంకుల్' అను నొక్క మాటయందే యిమిడిపోవుచున్నారు. ఒక సమావేశమున నాలుగేండ్ల పాప యొకతె తన నాయనమ్మ తోబుట్టువును 'ఆంటీ' యని పిలువగా, ఆ వృద్ధురాలు, "ఆంటీ ఎవరే నాకు తెల్వదు, నన్ను చిన్ననాయనమ్మా అను, బెల్లంముక్క పెడత" అనెను. సాయంకాలమునకు ఆ పాప ఇల్లంతయు దిరిగి ప్రతివారిని, "నువ్వు నాకు ఏమవుతావు?" అని యడుగుచుండెను. కొందరు పెద్దలు సమాధానము చెప్పుటకు లెక్కవేసికొనవలసివచ్చినది. బడిపుస్తకములందు ఈ పాఠము లేదు. ఉన్నను దానిని చిన్ననాయనమ్మ లేకుండ నేర్పుట కష్టము.

ఇక ప్రయాణమును గూర్చి. ఇందు తల్లికి మాత్రమే తెలిసిన కష్టములు చాల కలవు. కొన్నిటినైన తండ్రులును, ఆతిథ్య మిచ్చువారును ఎఱుగవలెను.

మొట్టమొదట కాలనిర్ణయము. తెలంగాణ పాఠశాలలకు దసరా సెలవులు దీర్ఘములు, ఆంధ్రప్రదేశ పాఠశాలలకు సంక్రాంతి సెలవులు దీర్ఘములు. అన్న పిల్లలు ఖమ్మమునను, తమ్ముని పిల్లలు రాజమహేంద్రవరమునను చదువుచున్నచో ఇరువురికిని గలసివచ్చు దినములు కొలదియే. రెండురాష్ట్రములకు సమానముగా నుండు వేసవి సెలవులను పట్టుకొందమన్న, కొత్తగూడెము, భద్రాచలము ఎండ యెట్టిదో మీకు చెప్పనవసరము లేదు. శ్రీరామనవమి కల్యాణము నాటికే పందిటిలో పెద్దలు సొమ్మసిల్లుదురు. జూలై, ఆగస్టు మాసములం దసలే వలదు. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులైన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. నీరు పెరిగినకొలది వాగులు ఎదురుతన్ని కూనవరము, చింతూరు దారులు తెగుచుండును. కావున పసిపిల్లలు గల వంశములు సంక్రాంతినైనను, కార్తిక వనభోజనముల కాలమునైనను ఎన్నుకొనుట మేలని మా యభిప్రాయము. చలి యుండును గాని చలికి దుప్పటి కలదు. ఏ దినమైనను ఆఱు నెలలు ముందుగా నిర్ణయించి తెలుపవలెను. పదిదినముల ముందు టెలిఫోనులో పిలిచి, "రైలులో చోటు దొరకలేదు" అనువానిపై అలుగుట న్యాయము కాదు.

రైలున వచ్చువారికి ఒక మాట. 'భద్రాచలం రోడ్' అను స్టేషను భద్రాచలమున లేదు. అది కొత్తగూడెమున కలదు, అక్కడినుండి భద్రాచలమునకు రోడ్డున ఇంచుమించు 40 కిలోమీటర్లు. ఈ పేరు చూచి దిగినతోడనే గుడి గోపురము కనబడునని తలచి, తెల్లవాఱుజామున నిద్రబిడ్డను భుజమున వేసికొని దిగిన క్రొత్తకోడండ్రు ఎందఱో. వారిని తోడ్కొనిపోవుటకు ఒకరిని పంపుట ఆతిథ్య మిచ్చువారి పని. ఐదేండ్లలోపు పిల్లలకు ప్రత్యేకపు పడక కోరకున్న రైలు టిక్కెట్టు లేదు. ఐదు మొదలు పండ్రెండేండ్లలోపువారికి పడక కావలెనన్నచో 2016 నుండి పూర్తి రుసుము. ఆ డబ్బుకు వెనుదీసి ఒక్క పడకపై ముగ్గురు పరుండిన, మఱునాడు పండుగపూట బిడ్డ యేడ్పు ఊరంతయు వినవలసివచ్చును.

బస్సు ప్రయాణమున తెలంగాణ స్త్రీలకు 2023 డిసెంబరు నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితముగా పోవు సౌకర్యము కలిగినది. ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టులో అట్టి పథకమే ప్రారంభమైనది. కాని ఒక ప్రభుత్వపు ఉచితము దాని పొలిమేరవఱకే. భద్రాచలము దాటి ఎటపాక చేరుసరికి మఱియొక రాష్ట్రము. బిడ్డను ఎత్తుకొన్న తల్లి చేతిసంచిలో కొంత చిల్లర యుంచుకొనుట మంచిది. సొంతకారున వచ్చువారు పాల్వంచ పెద్దమ్మతల్లి గుడివద్ద ఎట్లును ఆగుదురు. అక్కడ కొంతసేపు పిల్లలను దింపి నడిపింపవలెను. అడవిదారిలో కోతులకు పండ్లిచ్చుట పిల్లలకు ముచ్చటగానే యుండును గాని, కఱచినప్పుడు ఆ ముచ్చట ఆసుపత్రిలో ముగియును. రాజమహేంద్రవరము వైపునుండి మారేడుమిల్లి మీదుగా వచ్చువారికి ఘాటుదారి మలుపులయందు పిల్లలకు వాంతులు తప్పవు. బయలుదేరుటకు ముందు కొంచెమే తినిపించి, టెలిఫోను తెర చేతికీయక, ఎదుటి దారిని చూచునట్లు కూర్చుండబెట్టిన కొంత నయము. మారేడుమిల్లి బొంగుకోడి రుచిని గూర్చి మాకు వివాదము లేదు, కాని ఆ కారము రెండేండ్ల బిడ్డకు కాదు.

ద్విచక్రవాహనముపై నాలుగేండ్లలోపు బిడ్డను తీసికొనిపోవువారు, వానికి శిరస్త్రాణమును, నడుపువానితో కట్టు పట్టీని ఉపయోగింపవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లకు మించరాదనియు 2022లో కేంద్రప్రభుత్వము నియమము చేసినది. మన యువకులు ఈ నియమమును పల్లెకు వర్తింపనిదిగా భావించుచున్నారు. పల్లెలోని రాయియు గట్టిదే.

విదేశములనుండి వచ్చువారికి ప్రత్యేకముగా విన్నవించునదేమనగా, విమానము దిగిన మఱునాడే ఖమ్మము దారి పట్టవలదు. అమెరికాలో పగలు ఇక్కడ రాత్రి. బిడ్డ రెండు మూడు దినములు అర్ధరాత్రి మేల్కొని ఆడుకొందు ననును. ఆ దినములు హైదరాబాదులో గడపి, నిద్ర కుదిరిన పిదప బయలుదేరవలెను. ప్రతిసంవత్సరము వసంతపండుగకు చైనాదేశమున కోట్లమంది పిల్లాపాపలతో సొంతయూళ్ళకు ప్రయాణము చేయుదురు. వారి రైళ్ళలోను శిశువులు ఏడ్చుచునే యుందురు. ఏడ్పునకు వెఱచి ప్రయాణము మానిన జాతి యేదియు లేదు.

ఇంతవఱకు వచ్చువారి సంగతి. ఇప్పుడు పిలుచువారి సంగతి చెప్పెదము. మా దృష్టిలో లోపమంతయు నిక్కడనే యున్నది. సమావేశము పేరిట లక్షలు వ్యయించి శామియానా వేయుదుము, మైకు పెట్టుదుము, దాతలకు శాలువలు కప్పుదుము. బిడ్డకు పాలిచ్చుటకు తలుపుగల గది యొక్కటి చూపుము. ఊరెల్ల వినబడు ఆ మైకుప్రక్కనే నిద్రపుచ్చుమందుము. దాతగారు రాలేదని మూడుగంటల వఱకు విస్తరులు వేయము, ఈలోగా పిల్లలు లడ్డూలతో కడుపు నింపుకొని రాత్రికి వాంతి చేసికొందురు. మొదటిపంక్తి పిల్లలది కావలెను. పండ్రెండుగంటలకే, కారము లేని పప్పన్నము, పెరుగన్నముతో వారి పంక్తి ముగియవలెను. దాతలు మన్నింతురు. వారికిని మనుమలు కలరు.

త్రాగునీరు మఱగించి చల్లార్చినదై యుండవలెను. ఆఱుమాసములు నిండని శిశువునకు ఎంత యెండలోనైన తల్లిపాలే చాలును, నీరు కూడ పోయనక్కఱలేదు. అవ్వలు ప్రేమతో నాలుకకు తేనె రాయబోవుదురు, ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదకరము. వేరుశనగపప్పులు నాలుగైదేండ్ల వఱకు చేతికీయరాదు, గొంతున నడ్డుపడును. విరేచనములు పట్టిన పిల్లవానికి ఆరోగ్యకేంద్రమున దొరకు ఓఆర్ఎస్ పొట్లమును ఒక లీటరు మఱగి చల్లారిన నీటిలో కలిపి కొంచెము కొంచెముగా పట్టవలెను. దానితోపాటు మన గంజియు మంచిదే. సాయంకాలము దీపము పెట్టువేళకే పిల్లలను దోమతెరలోనికి చేర్పవలెను. అడవిసరిహద్దు మలేరియాను తేలికగా చూడరాదు. ఊరినుండి పోయిన రెండు మూడు వారములకు బిడ్డకు జ్వరము వచ్చినను, నగరమునందలి వైద్యునితో "మేము ఏజెన్సీ గ్రామమునకు పోయివచ్చితిమి" అని మొదటిమాటగా చెప్పవలెను. చెప్పకున్న ఆయనకు తోచకపోవచ్చును, రక్తపరీక్ష ఆలస్యమగును.

నదిని గూర్చి చెప్పకుండ ఈ ప్రసంగము ముగింపరాదు. గోదావరి స్నానము, శబరి సంగమము చూపవలెనను కోరిక అందఱికి సహజమే. నగరపు పిల్లవానికి నీరన్న స్నానపుగదిలోనిదే, ఇసుక క్రింద గుంటలుండునని వాడెఱుగడు. పిల్లల కొకరు చొప్పున పెద్దలు చేయి పట్టుకొననిదే రేవునకు దింపరాదు. పాపికొండల విహారమును సమావేశమునకు జోడించువారు 2019 సెప్టెంబరు 15వ తేదీని మఱవరాదు. నాడు కచ్చులూరు వద్ద వఱదనదిలో బోటు మునిగి అనేకులు ప్రాణములు గోల్పోయిరి. పిల్లల కొలతకు సరిపోవు రక్షణకవచములు లేవన్నచో ఆ బోటు ఎక్కకుండుటయే. టిక్కెట్టు డబ్బు పోయినను పోనిండు.

ఇంకొక సంగతి కలదు. ఇది దోమలకంటెను, ఎండకంటెను ఎక్కువమంది తల్లులను వెనుకకు లాగుచున్నదని మా నమ్మకము. బిడ్డను చూడగానే "ఏమిటింత చిక్కినాడు, తల్లి పెట్టదా?" యనుట, "రంగు తండ్రిది రాలేదు" అనుట, "రెండవసారియు ఆడపిల్లయేనా?" యని పెదవి విఱుచుట. తెలుగు చక్కగా రాని పిల్లవానిని నలుగురి నడుమ నిలువబెట్టి వాని మాటలను వాని యెదుటనే వెక్కిరించి నవ్వుట. ఆ పిల్లవా డెన్నిమాటలు మఱచినను ఆ నవ్వును మఱువడు. ఆ తల్లి మఱుసటి యేడు "పిల్లవానికి జలుబు" అని కబురు పంపును. ఏడ్చుచున్న శిశువును చేతినుండి చేతికి మార్చుచు ఛాయాపటములు తీయుటయు నిట్టిదే. బిడ్డ తనంతట తాను ఒడిలోనికి వచ్చువఱకు ఓపికపట్టుడు. కోడిపిల్లనో, దూడనో చూపినచో అరగంటలో వచ్చును.

ఊరు విడిచి కాలనీలకు చేరిన కుటుంబముల వారు మమ్ము ప్రత్యేకముగా ఒక ప్రశ్న యడిగిరి. "మాకు ఊరే లేదు, పిల్లలను ఎక్కడికి తీసికొనిరమ్మందురు?" అని. న్యాయమైన ప్రశ్న. కాలనీ యిండ్లు చిన్నవి, నలుబదిమంది దిగుటకు చాలవు. ఇరుగుపొరుగులు సైతము పాతయూరి వరుసలో లేరు. దీనికి మా ఆలోచన యేమనగా, సమావేశము కాలనీలోనే జరుగవలెను. అక్కడ ఇప్పుడున్న అవ్వకు తన మనుమలు తన క్రొత్తయింటికి వచ్చిరను తృప్తి కలుగవలెను. కాలనీ పాఠశాలయో, సమీపపు సత్రమో రెండుదినములకు తీసికొనుటకు సంఘము సహాయము చేయవలెను. నది తగ్గియున్న కాలమున, దారి తెఱపిగా నున్నచో, ఒక పూట పిల్లలను పాతయూరి కడకు తోడ్కొనిపోయి, ఇది మన యిల్లుండిన చోటు, ఇది బావి, ఇక్కడ బొడ్రాయి యుండెను అని చూపవలెను. గోడలు కూలినచోట పిల్లలను విచ్చలవిడిగా తిరుగనీయరాదు, పాములుండును. పెద్దలు కంటతడి పెట్టుకొన్నను తప్పులేదు. ఏల యేడ్చుచున్నారని పిల్లలు అడుగుదురు. అప్పుడు చెప్పవచ్చును.

ఈ మహాసభ ఎదుట మేము మూడు కోరికలు ఉంచుచున్నాము. వచ్చే యేటి సభలో పిల్లల తల్లులకు తలుపుగల గదియు, అందు నీరును, ఊయలయు నేర్పాటుచేయుట మొదటిది. ఆడపడుచుల పేరనే పిలుపుపత్రములు పంపుట రెండవది. మూడవది కుటుంబముల పట్టిక. ఎవరు ఎవరికేమగుదురో, ఏ యూరివారో, ఇప్పుడెక్కడ నున్నారో వ్రాసిన పుస్తక మొకటి సంఘకార్యాలయమున నుండవలెను. దీనికై అచ్చువేసిన కాగితములు ద్వారముకడ బల్లపై నున్నవి. భోజనమునకు లేచుటకు ముందే నింపి యిచ్చిన మంచిది. పిల్లల పేర్లు, పాలుత్రాగువారివి సైతము, వ్రాయవలెను. ఊరి పేరు వ్రాయవలసినచోట ఇప్పటి కాలనీ పేరు గాక, పాతయూరి పేరు మొదట వ్రాయుడని ప్రార్థించుచున్నాము.